బొద్దింకా, నీళ్ళ పురుగా? చెప్పు తీసే ముందు మీసాలు చూడండి

రెండేళ్ళ కిందట ఆగస్టులో భీమవరం దగ్గర మా మేనత్త వాళ్ళ ఊరెళ్ళాను, ఇంటికి మూడు పక్కలా చేపల చెరువులు, ఎదురుగా వరి చేలు, రాత్రి వాన వెలిసాక వసారాలో ట్యూబ్‌లైట్ వేస్కుని కూర్చుంటే టప్‌మని ఏదో గోడకి కొట్టుకుని కింద పడింది. చూస్తే అరచేతిలో ముప్పావు వంతు ఉంది, చదునుగా, ముదురు గోధుమ రంగులో, నూనె రాసినట్టు మెరుస్తా. మావయ్య కుర్చీలోంచి కదలకుండానే "బొద్దింకేరా, చెరువు గట్టు తిండి తిని బలిసింది, తీసి అవతల పారెయ్" అన్నాడు. కదలట్లేదు కదా చచ్చిందిలే అనుకుని నేనూ చేత్తోనే తీసాను.

చావలేదండీ. చచ్చినట్టు నటించింది. బొటనవేల్లో దబ్బనం దించినట్టు దించింది, ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు, వేలు వాచి మర్నాడు ఫోన్ అన్‌లాక్ కూడా అవ్వలేదు. అది బొద్దింక కాదని, నీళ్ళల్లో చేప పిల్లల్ని, కప్పల్ని పట్టుకు తినే పెద్ద నీటి పురుగు అని, దాని పేరు లెథోసెరస్ ఇండికస్ అని తర్వాత తెల్సుకున్నా. అప్పట్నుంచి ఇది నాకో పిచ్చి అయిపోయింది, ఎవరింట్లో ఏ పురుగు కనపడినా ఫోటో తీసి నాకు పంపుతున్నారు, సగం మంది పంపేవి బొద్దింకలే, మిగతా సగం కావు. అందుకే ఒకేసారి మొత్తం రాసేస్తే పోతుందని కూర్చున్నా.

ఎందుకింత రాద్ధాంతం అంటే, రెండింటికీ వైద్యం వేరు. బొద్దింకైతే అది మీ ఇంట్లో కాపురం పెట్టింది, పిల్లల్ని కంటోంది, గిన్నెల మీద తిరుగుతోంది. నీళ్ళ పురుగైతే దారి తప్పి లైటు చూసి వచ్చిన చుట్టం, తెల్లారితే ఎండిపోయి చస్తుంది. హైదరాబాద్‌లో చెరువు పక్కన అపార్ట్‌మెంట్‌లో ఉండే మా ఫ్రెండ్ వాళ్ళు కారిడార్‌లో కనపడే నల్ల పురుగుల కోసం ఒకే వానాకాలంలో మూడు సార్లు బొద్దింకల మందు కొట్టించారు, అవి పేడపురుగుల్లా ఉండే నీటి పురుగులు, మందు కొట్టిన రాత్రి కూడా వచ్చాయి, ఎందుకు రావు, అవి ఉండేది చెరువులో కదా.

ముందు పట్టుకోండి, చేత్తో మాత్రం వద్దు

ఒక గాజు గ్లాసో, అడుగు కనపడే ప్లాస్టిక్ డబ్బానో పురుగు మీద బోర్లించండి. కింద నుంచి మందపాటి శుభలేఖ ఒకటి మెల్లగా దూర్చండి (ప్రతి ఇంట్లో ఓ పాతిక ఉంటాయి, పారేయలేక దాచినవి, ఇన్నాళ్ళకి పనికొచ్చాయి). అంతే, బందీ అయిపోయింది. ఇప్పుడు పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒకటి, తర్వాత గ్లాసు తిప్పి పెట్టి పొట్ట వైపు ఒకటి తీయండి. పొట్ట వైపు ఫోటో ఎవరూ తీయరు, అసలు సంగతి అంతా అక్కడే ఉంటుంది. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది.

కదలకుండా పడుంటే చచ్చిందని నమ్మొద్దు. నా బొటనవేలే సాక్ష్యం.

ఎక్కడ దొరికింది అనేది సగం జవాబే

జూన్ నుంచి అక్టోబర్ దాకా, వాన పడి ఆగిన రాత్రి, వీధి దీపం కిందో బాల్కనీ లైటు కిందో దబ్బున పడితే నీళ్ళ పురుగు అయ్యే ఛాన్స్ ఎక్కువ. కుంటలు నిండాక, చేలల్లో నీళ్ళు పెట్టాక ఇవి ఒక నీటి నుంచి ఇంకో నీటికి రాత్రి పూట ఎగిరి వెళ్తాయి, మధ్యలో మన లైట్లు చూసి దారి తప్పుతాయి. అర్ధరాత్రి వంటింట్లో లైటు వేయగానే సర్రున సింక్ కిందకి పరిగెడితే బొద్దింక.

కానీ దీన్నే నమ్ముకుంటే దెబ్బ తింటారు. ఉక్కగా ఉన్న రాత్రిళ్ళు పెద్ద బొద్దింక కూడా ఎగురుతుంది, మ్యాన్‌హోల్ నుంచి వచ్చి బాల్కనీ గోడెక్కుతుంది. అలాగే నీళ్ళ పురుగు కూడా కిటికీలోంచి వచ్చి వంటింట్లో పడచ్చు, అది అడ్రస్ చూస్కుని రాదు కదా. కాబట్టి చోటుని ఒక అనుమానంగా పెట్టుకుని అసలు పరీక్షకి వెళ్దాం.

మీసాలు. ఈ ఒక్కటి చూసినా చాలు

మీకు టైం లేకపోతే మిగతాది వదిలేసి ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బొద్దింకకి మీసాలు దారప్పోగుల్లా సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతా ఉంటాయి, మన డ్రైనేజీల్లో తిరిగే పెద్ద ఎర్ర బొద్దింకకైతే ఒంటి కన్నా పొడుగు. గోడ చాటున ఒళ్ళంతా దాక్కున్నా మీసాలు మాత్రం బయటకి పెట్టి వాసన చూస్తుంది, అలా చూసే కదా మనం సగం సార్లు కనిపెట్టేది.

నీటి పురుగుకి చూస్తే మీసాలు లేనట్టే ఉంటుంది. నిజానికి ఉన్నాయి, కళ్ళ కింద చిన్న గాడిలో మడిచి దాచుకుంటుంది, నీళ్ళల్లో ఈదేటప్పుడు అడ్డం రాకుండా. పైనుంచి మీకు రెండు పెద్ద కళ్ళు మాత్రం కనిపిస్తాయి, బయటకి పొడుచుకొచ్చినట్టు. పైనుంచి చూస్తే బొద్దింకకి తలే సరిగా కనపడదు, డాలు లాంటి పెంకు కింద తల వంచి దాచుకుంటుంది, సిగ్గుపడుతున్న పెళ్ళికూతురిలా. మీసాలు బయట, తల లోపలైతే బొద్దింక. తల బయట, మీసాలు లోపలైతే నీటి పురుగు.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. ఒకటి, చచ్చిన బొద్దింకకి చీమలు పీకేసి మీసాలు విరిగిపోయి ఉండచ్చు, అప్పుడు మొదట్లో చిన్న మొండి మిగిలి ఉందేమో చూడాలి. రెండోది నన్నే చాలా రోజులు తికమక పెట్టింది: నల్లగా నిగనిగలాడే పెద్ద నీటి పేడపురుగు ఒకటుంటుంది (పేడలో ఉండేది కాదు, అలాంటి గట్టి పెంకుల బీటిల్ జాతి), హైడ్రోఫిలస్ అంటారు, దానికి ముందు రెండు సన్నటి మీసాలు కనపడతాయి, కానీ అవి మీసాలు కావు, నోటి పక్కనుండే స్పర్శ కొమ్ములు. అసలు మీసాలు పొట్టిగా, చివర గుండుసూది తలలా ఉబ్బి, పక్కన ముడుచుకుని ఉంటాయి, వాటిని అది గాలి పీల్చుకోడానికి వాడుకుంటుంది. అయినా ఆ దొంగ మీసాలు పొట్టివే, బొద్దింక మీసాలంత పొడుగుండవు, వాటిలా ఊగవు.

కాళ్ళు చూడండి

బొద్దింక ఆరు కాళ్ళూ ఒకే రకం, అన్నీ పరుగు కోసమే, ముళ్ళు ముళ్ళుగా. వెనక జత కాస్త పొడుగు, అంతే తేడా.

నీటి పురుగు కాళ్ళకి రెండు రకాల ఉద్యోగాలు. ముందు జత మడత చాకులా మడుచుకుని ముందుకి ఉంటుంది, పీత డెక్కల్లాగా, వేటని పట్టుకోడానికి. వెనక రెండు జతలూ తెడ్లు, చదునుగా, అంచున వెంట్రుకల కుచ్చుతో. ఫోటోలో ఈ వెంట్రుకలు కనపడ్డాయంటే ఇంకేం చూడక్కర్లేదు, బొద్దింక కాదు. పేడపురుగు జాతి నీటి పురుగులకి కూడా వెనక కాళ్ళు ఇలాగే తెడ్లు, కానీ ముందు కాళ్ళు చాకులా ఉండవు.

నడక కూడా చెప్పేస్తుంది. టైల్స్ మీద బొద్దింక పరుగు మీకు తెల్సిందే, చెప్పు గాల్లో ఉండగానే మాయం, దాని తోక వైపు రెండు చిన్న కొమ్ములుంటాయి, గాలి కదలికని అవే పసిగడతాయి, మన చెప్పు కన్నా మన చెప్పు తోసిన గాలి ముందెళ్తుంది మరి. నీళ్ళ పురుగు అదే టైల్స్ మీద నీళ్ళు లేని స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టే మనిషిలా ఉంటుంది, కాళ్ళు జారతా, తిరగబడి గిలగిల కొట్టుకుంటా.

వీపు మీద గీతలు

ఇది ఫోటో జూమ్ చేసి చూడాలి. బొద్దింక రెక్కలు ఒకదాని మీద ఒకటి, ఎడమది కుడిదాని మీద, పంచె కుచ్చిళ్ళలా వాలి ఉంటాయి, పల్చగా, ఎండిన ఉల్లిపొరలా, ఈనెలు కనపడతా. నీటి పురుగుకి భుజాల మధ్యలో చక్కటి త్రికోణం పెంకు ఉంటుంది, రెక్కల ముందు భాగం తోలులా మందంగా, వెనక భాగం పల్చటి పొరలా ఉండి ఆ రెండూ కలిసే చోట ఎక్స్ ఆకారం పడుతుంది. నల్లులు, మొక్కల మీద కంపు కొట్టే పచ్చ నల్లులు, ఇవన్నీ దీని బంధువర్గమే. పేడపురుగు జాతైతే ఎక్స్ లేదు, గట్టి పెంకులు రెండు నడిమధ్యలో నిట్టనిలువు గీతలో కలుస్తాయి, పెసర గింజ రెండు బద్దలు ఆనించినట్టు.

రంగుని మాత్రం నమ్మకండి. పెద్ద బొద్దింకకి తల వెనక డాలు చుట్టూ పసుపు పట్టీ ఉంటుంది, "పసుపు అంచు ఉంది కాబట్టి బొద్దింకే" అని మా మరదలు బల్లగుద్ది వాదించింది ఒక పురుగు గురించి, తీరా చూస్తే అది సైబిస్టర్, నీళ్ళల్లో మునిగి వేటాడే పేడపురుగు, దానికి కూడా పసుపు అంచే, కాకపోతే ఒళ్ళంతా రెండు పక్కలా పొడవునా ఉంటుంది, బొద్దింకకి ఆ డాలు మీదే.

నోరు, తోక

గ్లాసు తిప్పి పొట్ట వైపు చూడమన్నది ఇందుకే. నీటి పురుగుకి తల కింద పొట్టి ముక్కు సూదిలా వెనక్కి మడిచి ఉంటుంది, దాన్ని గుచ్చి లోపల కరిగించే రసం వదిలి, మాంసం జావ అయ్యాక పీల్చేస్తుంది. నన్ను కుట్టిన ఆ మంట ఆ రసానిదే. బొద్దింకవి కొరికే దవడలు, సూది ఉండదు. హైడ్రోఫిలస్‌కి పొట్ట మధ్యలో వెనక్కి తిరిగిన ముల్లు లాంటిది ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే అది గుచ్చుకుంటుంది, కుట్టడం కాదది.

తోక వైపు పొడుగాటి పుల్ల ఉంటే నీటి తేలు. పేరు విని భయపడక్కర్లేదు, ఆ పుల్ల కొండి కాదు, ఊపిరి గొట్టం, నీటి పైకి పెట్టి గాలి పీలుస్తుంది. దాన్ని బొద్దింక అనుకునే వాళ్ళు తక్కువే గానీ తేలనుకుని చంపేసే వాళ్ళు బోల్డంత మంది.

బకెట్ పరీక్ష

ఇంకా డౌట్ ఉంటే సగం బకెట్ నీళ్ళల్లో వదలండి, పిల్లలుంటే వాళ్ళకి సైన్సు పాఠం కూడా. బొద్దింక పైనే తేల్తా కాళ్ళు ఆడిస్తుంది, ఎక్కడం కోసం గోడ వెతుక్కుంటుంది. అది వెంటనే చావలేదు కాబట్టి నీటి పురుగే అని తేల్చేయకండి, అరగంట ముంచి ఉంచినా బతికి బయటపడే రకం అది. నీటి పురుగు మాత్రం పడీ పడగానే అడుక్కి దూసుకుపోతుంది, ఇందాక టైల్స్ మీద చూసిన ఆ చేతకాని పురుగు ఇదేనా అనిపిస్తుంది. కాసేపయ్యాక తోక వైపు పైకి పెట్టి గాలి పీలుస్తుంది. సైబిస్టర్ కూడా తోకతోనే, వెనక కాళ్ళు రెండూ ఒకేసారి తన్ని ఈదుతుంది. హైడ్రోఫిలస్ తల పైకి పెట్టి పీలుస్తుంది, కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి, నడిచినట్టు ఆడిస్తుంది.

ఇవన్నీ నీళ్ళల్లో ఉన్నా ఊపిరి మాత్రం పైకొచ్చి మన గాలే పీలుస్తాయన్నది చేపల రైతులకి ఎప్పట్నుంచో తెలుసు. నర్సరీ చెరువుల్లో పిల్ల వదిలే ముందు సబ్బు, నూనె కలిపి నీళ్ళ మీద చల్లుతారు, హెక్టారుకి 18 కిలోల సబ్బు, 56 కిలోల నూనె అని లెక్క, నీటి మీద పొర కట్టి ఈ పురుగులకి ఊపిరాడక పోతాయి, చెరువులో విషం కలపక్కర్లేదు. ఈ ముక్క మావయ్యే చెప్పాడు, ఆయనకి ఇంత తెల్సి కూడా వసారాలో పడ్డదాన్ని బొద్దింక అన్నాడంటే చూడండి.

సైజు ఆఖర్న

అందరూ మొదట చూసేది సైజే, అందుకే నేను ఆఖర్న పెట్టాను. ఇళ్ళల్లో పెద్ద బొద్దింక 35 నుంచి 40 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర. లెథోసెరస్ 65 నుంచి 80 దాకా పోతుంది. కాబట్టి మన ఇళ్ళల్లో రెండున్నర అంగుళాలు దాటిన "బొద్దింక" కనిపిస్తే బొద్దింక కాదనే అనుకోండి, చెయ్యి దూరంగా పెట్టండి.

చిన్న సైజులోనే తికమక. వరి చేలల్లో, కుంటల్లో డిప్లోనైకస్ అని గుండ్రటి చిన్న నీటి పురుగు ఉంటుంది, సుమారు 15 మిల్లీమీటర్లు, వంటింటి చిన్న బొద్దింక కూడా 11 నుంచి 16. చిన్న బొద్దింకకి తల వెనక రెండు నల్ల చారలు, డిప్లోనైకస్‌కి ఏ చారా లేదు, పైగా కొన్నిటి వీపు నిండా గుడ్లు అతికించి ఉంటాయి, దానిమ్మ గింజలు పేర్చినట్టు. అలా మోసేది తల్లి కాదు, తండ్రి. ఆడది గుడ్లు మగదాని వీపు మీద పెట్టి వెళ్ళిపోతుంది, పిల్లలు బయటికొచ్చే దాకా ఆయనే మోస్తాడు. దాన్ని చంపేముందు కాస్త ఆలోచించండి, దోమ పిల్లల్ని తినేది కూడా అదే.

బొద్దింక పిల్లలకి రెక్కలుండవు, కాబట్టి వీపు పరీక్ష వాటికి పనిచేయదు, మీసాలు పనిచేస్తాయి. పూల కుండీలో మట్టి తవ్వితే నల్లగా బయటపడేది సురినాం బొద్దింక కావచ్చు, అదీ బొద్దింకే గానీ వంటింటి జోలికి పెద్దగా రాదు. తడి మట్టిలోంచి వచ్చి పార లాంటి ముందు కాళ్ళతో తవ్వుతుంటే కుమ్మరి పురుగు, కీచురాళ్ళ చుట్టం, దేనికీ సంబంధం లేదు.

అమెరికాలో ఉన్నోళ్ళకి ఒక హెచ్చరిక

మా అక్క న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి "ఒరేయ్, బేస్‌మెంట్‌లో నల్లటివి తిరుగుతున్నాయి, ఆఫీస్‌లో అడిగితే అవి వాటర్ బగ్స్ అంతే, రోచెస్ కాదన్నారు, హమ్మయ్య" అంది. హమ్మయ్య కాదక్కా. అక్కడ జనం వాటర్ బగ్ అనేది చాలా సార్లు ఓరియంటల్ బొద్దింకని, తడిగా చల్లగా ఉండే బేస్‌మెంట్లు, డ్రైన్ల దగ్గర తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. నల్లగా నిగనిగలాడతా అంగుళం ఉంటుంది, మగదానికి రెక్కలు ఒంటిని ముప్పావు వంతే కప్పుతాయి, ఆడదానికి రెక్కలు నామమాత్రం, రెండూ ఎగరవు. ఫ్లోరిడాలోనూ ఇదే కథ, పెద్ద బొద్దింకలకి పామెట్టో బగ్ అని ముద్దు పేరు, పేరు మారిస్తే అసహ్యం తగ్గుతుందని కాబోలు. అక్క ఫోటో పంపింది, మీసాలు ఇంతింత పొడుగు. ముద్దు పేరుతో ఎవరేం చెప్పినా మీసాలే చూడండి.

అసలు బొద్దింకల పేర్లన్నీ అబద్ధాలే. అమెరికన్ బొద్దింక, అదే మన డ్రైనేజీల పెద్ద ఎర్రది, దాని పుట్టిల్లు ఆఫ్రికా. జర్మన్ బొద్దింక, అదే మన వంటింటి చిన్నది, సుమారు 2,100 ఏళ్ళ కిందట ఇండియా, మయన్మార్ వైపు ఒక అడవి బొద్దింక నుంచి పుట్టిందని 2024 లో జన్యువులు చదివి తేల్చారు. అంటే మనమే ఎగుమతి చేశాం అనమాట.

తేలాక ఏం చేయాలి

నీళ్ళ పురుగైతే స్ప్రే అవసరమే లేదు. బయట తెల్ల లైటు తీసి పసుపు రంగు ఎల్‌ఈడీ పెట్టండి, వాన వెలిసిన రాత్రుళ్ళు కాసేపు లైటు ఆర్పేయండి, కిటికీకి దోమల జాలీ బిగించండి. పట్టుకున్నదాన్ని శుభలేఖతో సహా తీసుకెళ్ళి కుంటలో వదిలేయండి, ఎవరి చేప పిల్లల చెరువులోనో వదిలితే మాత్రం ఆయన ఊరుకోడు. చెరువు గట్టు ఇళ్ళ వాళ్ళు గోడలకి, గట్టుకి బొద్దింకల మందు కొట్టకండి, ఆ స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకి, రొయ్యలకి చాలా విషం, వాన పడితే కారి చెరువులోకే పోతుంది.

కుడితే సబ్బు నీళ్ళతో కడిగి ఐసు పెట్టండి. నాకు వాపు మూడో రోజుకి తగ్గింది. వాపు పాకినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా డాక్టర్ దగ్గరికే, సున్నం రాసుకుంటా కూర్చోకండి. మా అత్తయ్య సున్నమే రాసింది, పాపం ఆవిడ ప్రేమ ఆవిడది. ఇదే పురుగుని మణిపూర్‌లో, థాయ్‌లాండ్‌లో ఇష్టంగా తింటారని చెప్తే ఆవిడ నా వైపు చూసిన చూపు కుట్టిన దానికన్నా ఎక్కువ గుచ్చుకుంది. "ఉసిళ్ళు వేయించుకుని తినలేదా మనోళ్ళు" అని మావయ్య నా పక్షాన మాట్లాడాడు. ఉసిళ్ళు అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, చెదపురుగులు బొద్దింకలకి దగ్గర చుట్టాలు, ఆ మాట మాత్రం నేను పైకి అనలేదు.

బొద్దింకైతే ముందు నీళ్ళు కారే చోటు వెతకండి, సింక్ కింద పైపు, ఫ్రిజ్ వెనక ట్రే. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకండి, బాత్రూం తూముకి జాలీ మూత పెట్టండి. బొద్దింకలు తిని చచ్చే ఎర మందు జెల్ అయితే చిన్న చిన్న చుక్కలుగా క్యాబినెట్ మూలల్లో, బందుల దగ్గర పెట్టాలి, పెట్టాక అక్కడే స్ప్రే కొట్టారనుకోండి వాసనకి అవి జెల్ ముట్టుకోవు, రెండు ఖర్చులూ వేస్ట్.

ఒక్క పురుగూ చేతికి చిక్కకపోతే ఫ్రిజ్ వెనక, అట్టపెట్టెల మడతల్లో, గ్యాస్ బండ కింద టార్చ్ వేసి చూడండి. ముదురు గోధుమ రంగులో చిన్న పర్సులా గుడ్ల తిత్తి దొరుకుతుందేమో, పెద్ద బొద్దింకదైతే అందులో 16 దాకా గుడ్లుంటాయి, ఎక్కడో ఒక చోట అతికించి పోతుంది. చిన్న బొద్దింకదైతే 30 నుంచి 40, పిల్లలు పుట్టే దాకా తోకకే మోసుకు తిరుగుతుంది కాబట్టి మనకి దొరికేది ఎక్కువగా ఖాళీ తిత్తే. అది దొరికిందంటే మీసాలు, కాళ్ళు, బకెట్ ఏమీ అక్కర్లేదు, గ్లాసు పక్కన పెట్టి జెల్ ట్యూబ్ తీయండి.